సలహా మండలి సరే, అడిగేదెవరు?

విశాఖలో సీతమ్మధార, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో కొడుకో కూతురో అమెరికాలో ఉన్న ఇళ్లు కోకొల్లలు. ఇక్కడ పెరిగినంతకాలం తామొక 'జాతి మైనారిటీ' అవుతామన్న ఊహ కూడా లేని ఆ పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో దిగాక, ఫారం నింపేటప్పుడు 'ఏషియన్ ఇండియన్' అన్న గడిలో టిక్కు పెట్టి మైనారిటీ అవుతారు. అదే విశాఖలో పెద్ద ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ వరండాల్లో మన్యంలోని ముంచంగిపుట్టు నుంచో పెదబయలు నుంచో రోగిని తెచ్చుకున్న కుటుంబాలు కనిపిస్తాయి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునేది కోందు తెగవాళ్ల కువి కావచ్చు, ఆదివాసీ ఒరియా కావచ్చు. డాక్టరు చెప్పింది సగం అర్థమై, సగం అర్థంకాక తల ఊపుతుంటారు. దేశం దాటి వెళ్లి మైనారిటీ అయినవాళ్లు ఒకరు, సొంత కొండ మీద ఉంటూనే మైనారిటీ అయినవాళ్లు మరొకరు.

ఈ ఇద్దరి కోసమూ ప్రభుత్వాలు సలహా సంఘాలు పెట్టాయి. చదువులో, ఉద్యోగాల్లో, వైద్యంలో ఈ సమూహాలకు అవకాశాలు పెరగాలంటే ఏం చేయాలో పాలకులకు చెప్పడం వాటి పని. ఇలాంటి సంఘం వేసిన రోజు పేపర్లో ఫొటో వస్తుంది, ఛైర్మన్ ఎవరు, ఏ వర్గానికి ఎన్ని పదవులు దక్కాయి అన్న చర్చ రెండు రోజులు నడుస్తుంది. సభ్యుల జాబితా ఎంత చదివినా ఆ సంఘం పని చేస్తుందో లేదో తెలియదు. దాన్ని పుట్టించిన చట్టంలోనో ఉత్తర్వులోనో క్రియాపదం ఏం వాడారో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. ప్రభుత్వం ఆ సంఘాన్ని 'అడగవచ్చు' అని రాశారా, 'అడగాలి' అని రాశారా?

ముందు 'జాతి' అన్న మాట సంగతి చూడాలి. తెలుగులో ఈ మాట మోసే బరువు అంతా ఇంతా కాదు. జాతీయ జెండాలో ఉన్నది అదే, ఒంగోలు జాతి గిత్తలో ఉన్నదీ అదే, ఎదుటివాడి కులం కూపీ లాగాలనుకునేవాడి నోట్లో ఉన్నదీ అదే. మన రాజ్యాంగం 15, 16 అధికరణల్లో జాతిని బట్టి వివక్ష చూపకూడదంది. అయితే అవకాశాలు పంచే లెక్క మాత్రం ఆ పేరు మీద పెట్టలేదు. 342వ అధికరణ కింద రాష్ట్రపతి నోటిఫై చేసిన జాబితాలో తెగ పేరుంటే షెడ్యూల్డ్ తెగ, లేకపోతే లేదు. తండ్రి వైపు యూరోపియన్ మూలాన్ని బట్టి నిర్వచించిన ఆంగ్లో ఇండియన్లు దీనికి ఒక అరుదైన మినహాయింపు. వాల్తేరు రైల్వే క్వార్టర్లలో ఒకప్పుడు ఆ కుటుంబాలు బాగానే ఉండేవి. వాళ్లకు చట్టసభల్లో ఉన్న నామినేటెడ్ సీటు 104వ రాజ్యాంగ సవరణతో 2020 జనవరిలో ఆగిపోయింది. కాబట్టి అమెరికాలో జాతి మైనారిటీల కోసం పెట్టే సలహా మండలికి మన దగ్గర సమానమైనది వెతకాలంటే వెళ్లాల్సింది గిరిజన సలహా మండలి దగ్గరకే. అమెరికాలో నడిచినదాన్ని దాని పక్కన పెట్టి చూస్తే రెండింటి బలమూ బలహీనతా స్పష్టంగా కనపడతాయి.

కలంతో పుట్టి కలంతో పోయేవి

అమెరికాలో ఇలాంటి సంఘాల చరిత్ర పొడుగైనదే. 1946 డిసెంబరులో అధ్యక్షుడు ట్రూమన్ పౌర హక్కుల మీద 15 మందితో ఒక కమిటీ వేశారు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్లజాతి సైనికుల మీద దక్షిణాది రాష్ట్రాల్లో దాడులు జరుగుతున్న రోజులవి. కమిటీ 1947 అక్టోబరులో నివేదిక ఇచ్చింది. దాన్ని చట్టాలుగా మార్చడానికి అక్కడి చట్టసభ కాంగ్రెస్ కదల్లేదు. ట్రూమన్ తన సంతకంతో అయ్యే పని మాత్రం ఆపలేదు. 1948 జులై 26న సైన్యంలో నల్లవాళ్లను, తెల్లవాళ్లను విడదీసే పద్ధతికి స్వస్తి చెబుతూ ఉత్తర్వు ఇచ్చారు.

ఇరవై ఏళ్ల తర్వాత కథ తిరగబడింది. 1967 వేసవిలో నెవార్క్, డెట్రాయిట్ నగరాలు తగలబడుతుంటే అధ్యక్షుడు జాన్సన్ ఇల్లినాయ్ గవర్నర్ కెర్నర్ ఛైర్మన్‌గా ఒక కమిషన్ వేశారు. ఏడు నెలల్లోనే నివేదిక వచ్చింది. దేశం నల్లదొకటి, తెల్లదొకటిగా రెండు సమాజాలుగా చీలిపోతోందని అది మొహమాటం లేకుండా చెప్పింది. పుస్తకంగా లక్షల కాపీలు అమ్ముడుపోయింది. కమిషన్ వేసిన జాన్సనే దాన్ని పక్కన పెట్టేశారు. మొదటి కమిటీ వేసిన అధ్యక్షుడు తన పరిధిలో ఉన్నంత మేరకు జవాబు ఇచ్చారు, రెండో కమిషన్ వేసిన అధ్యక్షుడికి జవాబు ఇవ్వక తప్పని పరిస్థితి ఏదీ లేదు. నివేదికల నాణ్యతతో దీనికి సంబంధం లేదు. కెర్నర్ నివేదికను ఇప్పటికీ యూనివర్సిటీల్లో పాఠంగా చెబుతారు.

మన విశాఖ పిల్లలకు నేరుగా సంబంధించిన సంఘం 1999లో పుట్టింది. ఆ ఏడాది జూన్ 7న అధ్యక్షుడు క్లింటన్ ఆసియా అమెరికన్లు, పసిఫిక్ దీవులవాళ్ల కోసం ఒక సలహా కమిషన్ ఏర్పాటు చేశారు. ఆ తర్వాత వచ్చిన అధ్యక్షులు తమ తమ ఉత్తర్వులతో దాన్ని కొత్తగా పెట్టుకుంటూ వచ్చారు. ఒబామా 2009 అక్టోబరులో, బైడెన్ 2021 మే నెలలో. ప్రభుత్వం మారినప్పుడల్లా బోర్డు మార్చినట్టు పేరు, సభ్యుల సంఖ్య, పని మారుతూ వచ్చాయి. 2025 జనవరి 20న ట్రంప్ పదవి చేపట్టిన రోజునే బైడెన్ ఉత్తర్వుల్లో చాలావాటిని ఒక్క సంతకంతో రద్దు చేశారు. ఆ జాబితాలో ఈ కమిషన్‌ను పెట్టిన ఉత్తర్వు కూడా ఉంది. కలంతో పుట్టింది, కలంతోనే పోయింది.

ఆ కమిషన్ బతికి ఉన్న రోజుల్లో జరిగిన ఒక సంగతి తెలుగు ఇళ్లలో బాగా చర్చకు వచ్చింది. గ్రీన్‌కార్డు దరఖాస్తులన్నీ ఆరు నెలల్లో తేల్చేయాలని అధ్యక్షుడు బైడెన్‌కు సిఫార్సు చేయాలని కమిషన్ 2022 మేలో తీర్మానించింది. వాట్సాప్ గ్రూపుల్లో గ్రీన్‌కార్డు వచ్చేసినంత హడావుడి. ఇండియాలో పుట్టినవాళ్ల వెయిటింగ్‌కు అసలు కారణం దరఖాస్తు నిదానంగా కదలడం ఒక్కటే అయితే ఆ సంబరానికి అర్థం ఉండేది. ఏ దేశానికీ ఏటా 7 శాతం మించి ఇవ్వకూడదన్న కోటా చట్టంలో ఉంది. చట్టం మార్చాల్సింది అక్కడి కాంగ్రెస్. అధ్యక్షుడికి సలహా చెప్పే కమిషన్ ఎంత గట్టిగా చెప్పినా ఆ గడప దాటలేదు. సలహా మండలి ఎవరికి సలహా చెబుతోంది, చెప్పిన పని చేసే అధికారం ఆ విన్నవాడి చేతిలో ఉందా అన్న రెండు ప్రశ్నలు వేసుకోకుండా ఆశ పెట్టుకుంటే టెన్షన్ తప్ప మిగిలేది లేదు.

అలాగని ఆ పద్ధతిని తీసిపారేయడానికి లేదు. ఫెడరల్ అడ్వైజరీ కమిటీ చట్టం అని 1972 నుంచీ అమెరికాలో ఒకటుంది. దాని ప్రకారం సలహా సంఘం సమావేశం ఎప్పుడో ముందుగా గెజెట్‌లో ప్రకటించాలి. జనం వచ్చి కూర్చోవచ్చు. మినిట్స్ రాయాలి, అడిగినవాళ్లకు చూపాలి. సభ్యుల్లో భిన్నాభిప్రాయాలకు చోటుండాలి. రెండేళ్లకోసారి సంఘాన్ని పొడిగించుకోవాలి, పొడిగించకపోతే దానంతట అదే ముగుస్తుంది. సలహాను పాటించి తీరాలని ఆ చట్టమూ అనలేదు, కానీ సలహా ఏం చెప్పారో దాచడానికి వీల్లేకుండా చేసింది. గ్రీన్‌కార్డు తీర్మానం సంగతి డల్లాస్ నుంచి విశాఖ దాకా అంత త్వరగా తెలియడానికి ఆ బహిరంగ పద్ధతి కూడా ఒక కారణం. మన మండలిలో ఏ తీర్మానం జరిగిందో పాడేరు సంతలో నిలబడి పదిమందిని అడిగితే ఎంతమంది చెప్పగలరు?

ఏజెన్సీ అని ఎందుకన్నారు

విశాఖలో 'ఏజెన్సీకి వెళ్తున్నాం' అనడం ఎంత అలవాటైపోయిందంటే, ఆ మాట ఎక్కడిదో ఎవరూ ఆలోచించరు. 1839లో గంజాం, వైజాగపటం కొండ ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం మామూలు కోర్టుల పరిధి నుంచి తప్పించి, కలెక్టరుకే గవర్నర్ ఏజెంటు హోదాలో అప్పగించింది. ఏజెంటు పాలించే ప్రాంతం కాబట్టి ఏజెన్సీ. పన్నులు, తగాదాలు, శిక్షలు అన్నీ ఒకే మనిషి చేతిలో. కొండవాళ్లను కాపాడటానికే ఈ ఏర్పాటు అని కాగితం మీద రాసుకున్నారు. 1879లో రంప తిరుగుబాటు వచ్చింది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడింది. అడవి మీద ఆంక్షలు, రోడ్ల పనుల్లో వెట్టి, పోడు మీద నిషేధం - ఇవేవీ ఏజెంటుగారికి తెలియని సంగతులు కావు. ఆయనకు చెప్పే దారి మాత్రం కొండవాళ్లకు లేదు. అడిగినా వినే బాధ్యత ఎవరి మీదా లేనిచోట ఏమవుతుందో ఈ మన్యం మనకు ముందే చూపించింది.

రాజ్యాంగం రాసేటప్పుడు ఈ అనుభవం అందరికీ తెలుసు. గిరిజన సేవకుడు ఠక్కర్ బాపా నేతృత్వంలో ఒక ఉపసంఘం 1947లో అస్సాం తప్ప మిగతా ప్రాంతాల గిరిజన పరిస్థితులు చూసి నివేదిక ఇచ్చింది. 1948లో వచ్చిన ముసాయిదాలో గిరిజన సలహా మండలికి పళ్లున్నాయి. ఫలానా చట్టం కొండ ప్రాంతానికి వర్తించకూడదని మండలి సలహా ఇస్తే గవర్నర్ ఆ మేరకు నోటిఫికేషన్ ఇవ్వాలన్న తీరులో అది ఉంది. 1949 సెప్టెంబరులో, గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే ఐదో షెడ్యూలు సవరించిన రూపంలో రాజ్యాంగ సభ ముందుకొచ్చేసరికి ఆ పళ్లు ఊడిపోయాయి. ఛోటానాగపూర్ ఆదివాసీ నాయకుడు జైపాల్ సింగ్ లేచి దీన్నే ఎత్తిచూపారు. మొదటి ముసాయిదాలో మండలి తనంతట తాను కదలగలిగేది, ఇప్పుడు చొరవంతా గవర్నర్ చేతికి పోయిందని ఆయన ఆక్షేపణ. సభ విన్నది, సవరించిన రూపమే ఆమోదం పొందింది. 'చెబితే చేయాలి' అన్నది 'అడిగితే చెప్పాలి' అయిన రోజు అది.

ఇప్పుడు ఐదో షెడ్యూలు నాలుగో పేరాలో ఉన్నదేమిటంటే, షెడ్యూల్డ్ ప్రాంతాలు, అంటే ప్రత్యేక పాలన కోసం నోటిఫై చేసిన గిరిజన ప్రాంతాలు, ఉన్న ప్రతి రాష్ట్రంలోనూ గిరిజన సలహా మండలి ఉండాలి. 20 మందికి మించకూడదు. దాదాపు నాలుగింట మూడొంతుల మంది అసెంబ్లీలోని గిరిజన ప్రతినిధులై ఉండాలి. రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగల సంక్షేమం, అభ్యున్నతి గురించి గవర్నర్ తమకు పంపిన విషయాల మీద సలహా చెప్పాలి. ఆ చివరి వాక్యంలోనే కిటుకంతా ఉంది. గవర్నర్ పంపకపోతే? గవర్నర్ అంటే మామూలుగా మంత్రివర్గం సలహా మీద నడిచే మనిషి కాబట్టి, ప్రభుత్వం తనకు ఇబ్బంది కలిగే ప్రశ్నను మండలికి పంపకుండా ఊరుకుంటే మండలి చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అమెరికా కమిషన్‌ను రద్దు చేయడానికి ఒక సంతకం కావాల్సి వచ్చింది. మన మండలిని అలా సంతకంతో రద్దు చేయలేరు, అది రాజ్యాంగంలో ఉంది. దాన్ని పిలవకుండా ఉంటే సరిపోతుంది.

ఎనిమిది కుర్చీల లెక్క

మండలి కూర్పులో ఒక లెక్క ఉంది. దీని మీద పెద్దగా చర్చ జరిగినట్టు కనపడదు. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లుంటే ఎస్టీలకు కేటాయించినవి ఏడే: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకులోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. మండలిలో 20 మంది ఉంటారనుకుంటే నాలుగింట మూడొంతులంటే 15. ఏడుగురు ఎమ్మెల్యేలూ కూర్చున్నాక ఇంకా 8 కుర్చీలు ఖాళీ. ఇలాంటి పరిస్థితి వస్తే మిగిలిన సీట్లను ఆ తెగలకే చెందిన ఇతరులతో నింపాలని ఐదో షెడ్యూలు స్పష్టంగా చెబుతోంది. అంటే ఎమ్మెల్యే కానవసరం లేని ఎనిమిది మంది గిరిజనులకు రాజ్యాంగబద్ధమైన చోటు సిద్ధంగా ఉంది.

ఆ చోట్లో ఎవరిని కూర్చోబెడతారన్నదే ఇక్కడ అసలు పరీక్ష. 'గిరిజనులు' అని ఒక్క మాటలో అనేస్తాం గానీ పాత విశాఖ జిల్లా 11 ఏజెన్సీ మండలాల్లోనే భగత, వాల్మీకి, కొండదొర, కోటియా, కోందు, పోర్జా, గదబ, కొండ కమ్మర, నూకదొర లాంటి తెగలున్నాయి. చదువు, ఉద్యోగం, రాజకీయం ముందుగా అందుకున్న తెగలు కొన్ని. కోందు, పోర్జా, గదబ లాంటివి ప్రత్యేకంగా వెనకబడిన ఆదిమ గిరిజన తెగలుగా, అంటే పీవీటీజీలుగా గుర్తింపు పొందినవి. పెద్ద తెగల నుంచి ఎమ్మెల్యేలు రావడం సహజం, ఓట్ల లెక్క అలాంటిది. అందుకే ఎమ్మెల్యేలు కాని ఆ ఎనిమిది కుర్చీలు ఓట్ల బలం లేని తెగలకు దక్కగల ఒకే ఒక్క దారి. మాజీ ఎమ్మెల్యేకో, ఓడిపోయిన అభ్యర్థికో, పార్టీ మండలాధ్యక్షుడికో పునరావాసం కల్పించడానికి వాడితే మండలికి కొత్త గొంతు ఒక్కటీ రాదు. ఇంకో చిక్కుంది. కువి మాత్రమే బాగా వచ్చిన ఒక కోందు ఆడమనిషిని సభ్యురాలిగా వేస్తే, సచివాలయంలో జీవోల భాషలో నడిచే సమావేశంలో ఆమెకు దుబాసీ ఎవరు? ఆ ఏర్పాటు లేకుండా వేసిన సభ్యత్వం గ్రూపు ఫొటోకే పనికొస్తుంది.

సభ్యుల ఎంపిక ఎవరిదన్నదీ చిన్న విషయం కాదు. మండలి నియామకాలు, ఛైర్మన్, సమావేశాల తీరు మీద నిబంధనలు చేసే అధికారాన్ని నాలుగో పేరా గవర్నర్‌కు ఇచ్చింది. జార్ఖండ్‌లో 2021లో కొత్త నిబంధనలతో సభ్యుల నియామకం ముఖ్యమంత్రి చేతికి వెళ్లేసరికి రాజ్‌భవన్‌కూ ప్రభుత్వానికీ గొడవైంది. ఎవరి వాదన సరైనదైనా, ఆ తగవులో గిరిజన గ్రామం ఊసు తక్కువ, కుర్చీ ఊసు ఎక్కువ.

అడగక తప్పని చోట

ఇదే షెడ్యూలులో మండలిని అడగక తప్పని చోటు ఒకటుంది. ఐదో పేరా కింద గవర్నర్ షెడ్యూల్డ్ ప్రాంతానికి ప్రత్యేకంగా రెగ్యులేషన్, అంటే చట్టంతో సమానమైన నిబంధన, చేయవచ్చు. భూమి బదిలీని ఆపవచ్చు, వడ్డీ వ్యాపారాన్ని నియంత్రించవచ్చు, అవసరమైతే పార్లమెంటు చట్టాన్ని కూడా ఆ ప్రాంతం మేరకు సవరించవచ్చు. అయితే మండలిని సంప్రదించకుండా అలాంటి రెగ్యులేషన్ చేయకూడదు, రాష్ట్రపతి ఆమోదం లేకుండా అది అమల్లోకి రాదు. విశాఖ మన్యంలో చదువురానివాళ్లు కూడా పలికే 'వన్ ఆఫ్ సెవెంటీ' ఈ కోవలోదే. 1959 నాటి భూబదిలీ రెగ్యులేషన్‌ను 1970లో మొదటి నంబరు రెగ్యులేషన్‌తో సవరించారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందేనని చట్టం ముందే అనుకుంటుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. గిరిజనేతరుడు అమ్ముకోవాలన్నా గిరిజనుడికే అమ్మాలి. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

1997 జులై 11న వచ్చిన సమత తీర్పు ఇంకో మెట్టు పైకెక్కింది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గనుల లీజుల మీద వచ్చిన కేసు అది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి మెజారిటీతో కోర్టు చెప్పిందేమిటంటే, వన్ ఆఫ్ సెవెంటీలోని 'వ్యక్తి' అన్న మాటలో ప్రభుత్వం కూడా ఉంటుంది. కాబట్టి ప్రభుత్వం కూడా తన భూమిని ప్రైవేటు గిరిజనేతర కంపెనీకి లీజుకు ఇవ్వడానికి వీల్లేదు. మండలిని అడగక తప్పని దారిలో తయారైన రెగ్యులేషన్ చివరికి ప్రభుత్వం చేతులనే కట్టేసింది. దాన్ని మార్చాలన్నా మళ్లీ అదే దారిలో రావాలి.

ఈ దారి విలువ తెలిసినందువల్లే మన్యం దాని మీద చెయ్యి పడుతుందంటే ఊరుకోదు. టూరిజం కోసం వన్ ఆఫ్ సెవెంటీని సవరించాలన్న మాట 2025 మొదట్లో వినపడగానే ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతటా 48 గంటల బంద్ జరిగింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించాల్సి వచ్చింది. దీన్ని ఇంకోలా కూడా చూడవచ్చు. ఇలాంటి ప్రశ్న మొదట చర్చకు రావాల్సిన చోటు సలహా మండలి. అక్కడ చర్చ జరుగుతుందన్న నమ్మకం ఉంటే అరకు, పాడేరుల్లో బస్సులు ఆగాల్సిన అవసరం వచ్చేది కాదు. 2015 నవంబరులో చింతపల్లి అడవుల్లో వెయ్యి హెక్టార్లకు పైగా బాక్సైట్ కోసం మళ్లిస్తూ 97వ నంబరు జీవో వచ్చినప్పుడు కూడా మండలిని, గ్రామసభలను అడగలేదన్నది ఆందోళనకారుల ప్రధాన అభ్యంతరాల్లో ఒకటి. ఆ జీవో మొదట మూలన పడింది, 2019లో రద్దయింది. అడిగి ఆగి ఉంటే పోయేది కొన్ని నెలలే.

జీవోకూ రెగ్యులేషన్‌కూ తేడా ఎంత ఖరీదైందో టీచర్ పోస్టుల కేసు చూపించింది. ఏజెన్సీ బడుల్లో టీచర్లు మైదానం నుంచి వచ్చి, ఘాట్ రోడ్డు ఎక్కలేక, పిల్లల భాష రాక, వారంలో రెండు రోజులు కనపడి వెళ్లిపోవడం అందరికీ తెలిసిన కథే. దానికి మందుగా 2000 జనవరి 10న 3వ నంబరు జీవో వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ, అంటే నూటికి నూరు, స్థానిక గిరిజనులకే. అంతకుముందు 1986లో ఇలాంటి జీవోనే ఒకటి ఇస్తే ట్రైబ్యునల్ కొట్టేసింది. రెండో జీవో ఇరవై ఏళ్లు నడిచింది. 2020 ఏప్రిల్ 22న ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం దాన్నీ కొట్టేసింది. ఐదో పేరాలోని మొదటి క్లాజు గవర్నర్‌కు ఇచ్చిన అధికారం అప్పటికే ఉన్న చట్టాన్ని సడలించడానికే తప్ప కొత్త చట్టం లాంటిది తయారు చేయడానికి కాదని, నూటికి నూరు రిజర్వేషన్ సమానత్వ హక్కుకు విరుద్ధమని చెప్పింది. అప్పటికే చేరిన టీచర్ల ఉద్యోగాలు మాత్రం కొన్ని షరతులతో నిలిచాయి. అప్పటి నుంచీ జీవో 3ని వేరే రూపంలో తేవాలన్న డిమాండ్ ఏజెన్సీలో వినపడుతూనే ఉంది. మండలిని సంప్రదించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషనే చేసినా ప్రాథమిక హక్కుల పరీక్ష తప్పదు. కానీ నూటికి ఎంత, స్థానికత అంటే ఏమిటి, కువి వచ్చిన టీచర్‌కు వెయిటేజీ ఎలా అన్న ప్రశ్నలకు ఆధారాలతో జవాబు తయారు చేయడానికి సలహా మండలికి మించిన చోటు లేదు. కోర్టులో నిలబడేది ఆ కాగితమే.

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీల చట్టం పెసాలో కూడా ఇదే క్రియాపదం గొడవ. 1996 చట్టం ప్రకారం భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో 'సంప్రదించాలి'. చిన్నతరహా ఖనిజాల లీజుకైతే 'ముందస్తు సిఫార్సు తప్పనిసరి'. మొదటిదానిలో చెప్పింది విని, తల ఊపి, తమ పని తాము చేసుకోవచ్చు. రెండోదానిలో సిఫార్సు లేకపోతే లీజు కదలదు.

కొత్తగా పెట్టాల్సిన అవసరం ఉందా

ప్రతి సమస్యకూ ఇంకో కమిషన్ వేయాలన్న తొందర మనకు ఎక్కువే. గిరిజనుల కోసం జాతీయ స్థాయిలో 338ఏ అధికరణ కింద 2004 నుంచి విడిగా ఎస్టీ కమిషన్ ఉంది. దానికి సివిల్ కోర్టు తరహాలో మనుషులను పిలిపించే, రికార్డులు తెప్పించే అధికారం ఉంది. దాని నివేదికతో పాటు ప్రభుత్వం ఏం చేసిందో, ఏ సిఫార్సును ఎందుకు ఒప్పుకోలేదో వివరిస్తూ మెమొరాండం కూడా పార్లమెంటు ముందు పెట్టాలి. సలహా మండలికి ఆ రెండూ లేవు. కొత్త సంఘం పేరు వెతకడం కన్నా ఉన్న మండలికి ఆ రెండో అలవాటు నేర్పితే ఎక్కువ ఉపయోగం. మండలి నిబంధనలు చేసే అధికారం రాష్ట్ర స్థాయిలోనే ఉంది కాబట్టి దీనికి రాజ్యాంగ సవరణ కూడా అక్కర్లేదు. అయిదారుగురు సభ్యులు రాతపూర్వకంగా కోరిన అంశాన్ని మండలికి పంపేలా, పంపకపోతే కారణం రాసేలా ఒక నిబంధన. సమావేశం మినిట్స్ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ నోటీసు బోర్డు మీద, గ్రామ సచివాలయంలో పెట్టాలని ఇంకో నిబంధన. సలహా అందిన మూడు నెలల్లో శాఖల వారీగా జవాబు. ఏడాదిలో ఒకటి రెండు సమావేశాలు పాడేరులోనో సీతంపేటలోనో.

చివరిదాన్ని చిన్న విషయం అనుకుంటారు గానీ కాదు. డోలీ కట్టి గర్భిణిని మోసుకొచ్చిన దారి ఎందుకు రోడ్డు కాలేదని అడిగితే అటవీ శాఖ అనుమతి అని పంచాయతీరాజ్ ఇంజినీరు అంటారు, ప్రతిపాదన సరిగా రాలేదని అటవీ శాఖ అంటుంది, నిధులు ల్యాప్స్ అయ్యాయని ఇంకొకరు అంటారు. ఎవరి మాటా అబద్ధం కాకపోవచ్చు. ముగ్గురినీ ఒకే బల్ల ముందు, ఆ ఊరివాళ్లు వింటుండగా కూర్చోబెట్టే పని ఒక్కో శాఖకు చేతకాదు. మండలికి చేతనవుతుంది, ఎవరైనా ఆ అంశాన్ని దాని ముందు పెడితే.

అసలు చిక్కు కొండ దిగువన ఉంది. అనకాపల్లి జిల్లాలో రావికమతం, రోలుగుంట, గొలుగొండ, దేవరాపల్లి, వి.మాడుగుల మండలాల కొండవాలుల్లో పూర్తిగా గిరిజనులే ఉండే ఊళ్లున్నాయి. వాటిని నాన్ షెడ్యూల్డ్ గ్రామాలంటారు. షెడ్యూల్డ్ ప్రాంతం గీత వాటి పైనుంచి పోయింది కాబట్టి వాటికి వన్ ఆఫ్ సెవెంటీ లేదు, పెసా లేదు. కొండకు అవతల ఉన్న బంధువుకు ఉన్న భూరక్షణ ఇవతల ఉన్న మనిషికి లేదు. వాళ్లను ఐదో షెడ్యూలులో కలపాలన్న డిమాండ్ ఏళ్లుగా నలుగుతోంది. నాలుగో పేరాను మళ్లీ చదివితే అందులో 'రాష్ట్రంలోని షెడ్యూల్డ్ తెగలు' అనే ఉంది, 'షెడ్యూల్డ్ ప్రాంతంలోని' అని లేదు. షెడ్యూల్డ్ ప్రాంతం సెంటు లేని తమిళనాడు, పశ్చిమ బెంగాల్‌లలో కూడా అదే పేరా కింద రాష్ట్రపతి ఆదేశంతో సలహా మండళ్లు ఉన్నాయి. గీత వాళ్లను వదిలేసినా మండలి పరిధి వదిలేయలేదు. రావికమతం కొండ మీది ఊరి భూమి తగాదా ఈ రోజు మండలి ముందుకు రావడానికి చట్టపరంగా అడ్డేమీ లేదు, ఆ కాగితాన్ని అక్కడికి పంపే సంతకం ఒక్కటి తప్ప.